భాగం 7 : దేశ డొమైన్‌కు ధర్మకర్త ఎవరు? – ఆర్‌ఎఫ్‌సి 1591 విమర్శనాత్మక పరిశీలన

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 విషయ పరిచయం
7.2 ‘నియంత్రణ’ అంటే ఏమిటి?
7.3 ఆర్‌ఎఫ్‌సి 1591 : నేపథ్యం, సారం
7.4 పత్రం బలం
7.5 పత్రంలోని లోటు
7.6 మొదటి పరీక్ష : దక్షిణాఫ్రికా
7.7 రెండో పరీక్ష : నియూ
7.8 ప్రభుత్వాల సమాధానం, దాని పరిమితి
7.9 భారతదేశం, తెలుగు లిపి
7.10 అంచనా
7.11 సారాంశం
7.12 పదకోశం
7.13 మాదిరి పరీక్ష ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు :

• దేశ డొమైన్‌పై ‘నియంత్రణ’ అనే ఒక్క మాటలో ఇమిడి ఉన్న వేర్వేరు అధికారాలను విడదీసి చెప్పగలుగుతారు.
• ఆర్‌ఎఫ్‌సి 1591 పత్రంలోని ప్రధాన భావాలను వివరించగలుగుతారు.
• ఆ పత్రం బలాన్ని, లోటును ఉదాహరణలతో అంచనా వేయగలుగుతారు.
• దేశ డొమైన్ ఎవరి చేతిలో ఉండాలన్న చర్చలో మీ సొంత అభిప్రాయాన్ని ఆధారాలతో చెప్పగలుగుతారు.

7.1 విషయ పరిచయం

దేశానికి జెండా ఉంటుంది, నాణెం ఉంటుంది, తపాలా బిళ్ల ఉంటుంది. 1980ల మధ్య నుంచి వీటికి మరొకటి తోడైంది. అది ఇంటర్నెట్ చిరునామా చివర వచ్చే రెండక్షరాల గుర్తు. భారతదేశానికి ‘.ఇన్’, బ్రిటన్‌కు ‘.యుకె’, దక్షిణాఫ్రికాకు ‘.జెడ్‌ఎ’ ఇలాంటి గుర్తులే. వీటిని దేశ కోడ్ డొమైన్లు లేదా క్లుప్తంగా దేశ డొమైన్లు అంటారు.

జెండా, నాణెం ఎవరి అధీనంలో ఉండాలి అని ఎవరూ అడగరు. అవి రాజ్యానివి. కాని రెండక్షరాల గుర్తు విషయంలో ఈ ప్రశ్న ఇంకా పూర్తిగా తెగలేదు. ఇందుకు కారణం చరిత్రలోనే ఉంది. తొలి రోజుల్లో చాలా దేశాల గుర్తులను అడిగి తీసుకున్నది ప్రభుత్వాలు కావు. విశ్వవిద్యాలయాల్లో, పరిశోధన సంస్థల్లో పనిచేసే ఇంజనీర్లు అడిగారు. పని చేయగలిగినవారు వారే కాబట్టి వారికే అప్పగించారు. అప్పట్లో ఆ గుర్తుకు డబ్బు విలువ లేదు, రాజకీయ విలువా లేదు. విలువ పెరిగిన తరవాతే ‘ఇది ఎవరిది?’ అన్న ప్రశ్న వచ్చింది.

ఆ ప్రశ్నకు స్పష్టంగా రాసిపెట్టిన తొలి సమాధానాల్లో ముఖ్యమైనది 1994 మార్చిలో వెలువడిన ‘ఆర్‌ఎఫ్‌సి 1591’. ఏడెనిమిది పుటల ఈ చిన్న పత్రం చట్టం కాదు, అంతర్జాతీయ ఒప్పందం కూడా కాదు. అయినా ఈనాటికీ దేశ డొమైన్ల తగాదాల్లో ఇరుపక్షాలూ దీన్నే చూపిస్తాయి. ఒకే పత్రం రెండు వైపులా సాక్ష్యం చెబుతున్నదంటే ఆ పత్రాన్ని విమర్శకుడి దృష్టితో చదవవలసిన అవసరం ఉన్నట్టే. ఒక రచనను చదివేటప్పుడు అది ఏమి చెప్పింది, ఏమి చెప్పకుండా వదిలింది, ఏ మాటను ఎందుకు ఎంచుకున్నది అని చూస్తాం కదా! ఈ భాగంలో ఒక సాంకేతిక పత్రాన్ని అదే పద్ధతిలో పరిశీలిద్దాం.

7.2 ‘నియంత్రణ’ అంటే ఏమిటి?

పత్రంలోకి వెళ్లే ముందు ఒక మాటను విడదీసుకోవాలి. దేశ డొమైన్‌ను ‘నియంత్రించడం’ అన్నప్పుడు నిజానికి నాలుగు వేర్వేరు పనులను ఒకే మాటతో పిలుస్తున్నాం.

మొదటిది, మూల జాబితాలోని నమోదు. మీరు ‘.ఇన్’తో ముగిసే ఒక పేరు టైపు చేశారనుకోండి. ఆ పేరు గల యంత్రం ఎక్కడుందో మీ కంప్యూటరుకు తెలియదు. అవసరమైనప్పుడు ఆ అన్వేషణ మూల సర్వర్ల దాకా వెళుతుంది. ఆ సర్వర్లు ‘.ఇన్ పేర్ల సంగతి ఫలానా సర్వర్లకు తెలుసు, వాటిని అడగండి’ అని దారి చూపిస్తాయి. ప్రతి దేశానికీ ఈ జాబితాలో ఇలాంటి నమోదు ఉంటుంది. ఆ నమోదులో సర్వర్ల వివరాలు మారిస్తే ఆ దేశపు పేర్లన్నీ వేరే చేతుల్లోకి పోతాయి. దాన్ని తీసివేస్తే అవి కనిపించకుండా పోతాయి.

రెండోది, రిజిస్ట్రీ నిర్వహణ. ఏ పేరు ఎవరికి ఇచ్చారో తెలిపే పట్టికను భద్రంగా ఉంచడం, సర్వర్లను రాత్రింబగళ్లు నడపడం ఈ పని కిందికి వస్తాయి.

మూడోది, విధాన నిర్ణయం. పేర్లు ఎవరికి ఇవ్వాలి, ఎంత రుసుము తీసుకోవాలి, ఏ భాషలో అనుమతించాలి, ఇద్దరు ఒకే పేరు కోరితే ఎలా తేల్చాలి అన్నవి ఇందులోకి వస్తాయి.

నాలుగోది, ఆదాయం. పేర్ల రుసుము ద్వారా వచ్చిన డబ్బు ఎవరికి చెందాలి, దేనికి ఖర్చు కావాలి అన్నది ఇక్కడి ప్రశ్న.

ఈ నాలుగూ ఒకే చేతిలో ఉండాలని నియమమేమీ లేదు. సర్వర్లు నడిపే సంస్థ ఒకటి, విధానం నిర్ణయించే మండలి మరొకటి కావచ్చు. చర్చల్లో ఒకరు మొదటి అర్థంలో, ఇంకొకరు నాలుగో అర్థంలో ‘నియంత్రణ’ అనడం వల్ల వాదం ముందుకు సాగదు. ఈ భాగంలోని ఉదాహరణలను చదివేటప్పుడు ‘ఇక్కడ తగాదా ఈ నాలుగింటిలో దేని మీద?’ అని మీరే ప్రశ్నించుకోండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
1. దేశ డొమైన్ నియంత్రణలో ఇమిడి ఉన్న నాలుగు పనులు ఏవి?
2. మూల జాబితాలో ఒక దేశపు నమోదు మారితే ఏమవుతుంది?

7.3 ఆర్‌ఎఫ్‌సి 1591 : నేపథ్యం, సారం

ఈ పత్ర రచయిత జాన్ పోస్టెల్. ఆయన అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన సమాచార విజ్ఞాన సంస్థలో పనిచేసేవాడు. ఇంటర్నెట్ సంఖ్యలను, పేర్లను కేటాయించే ‘ఐయానా’ బాధ్యతను చాలా ఏళ్లపాటు ఆయనే చూసుకున్నాడు. 1998 అక్టోబరులో మరణించాడు. ఆ సంవత్సరమే ఏర్పడిన ‘ఐకాన్’ అనే లాభాపేక్ష లేని సంస్థకు ఆ బాధ్యత తరవాత చేరింది.

పత్రంలోని ముఖ్యాంశాలను మన మాటల్లో ఇలా చెప్పుకోవచ్చు.

ఒకటి : ఏది దేశం, ఏది కాదు అని ఐయానా నిర్ణయించదు. ఐఎస్‌ఓ 3166 అనే అంతర్జాతీయ ప్రామాణిక జాబితాలో ఉన్న రెండక్షరాల కోడ్‌లనే వాడుకుంటుంది.

రెండు : డొమైన్ నిర్వాహకుడు యజమాని కాడు, ధర్మకర్త. ఒకవైపు ఆ దేశ ప్రజలకు, మరోవైపు ప్రపంచ ఇంటర్నెట్ సముదాయానికి అతను బాధ్యుడు. కాబట్టి హక్కులు, యాజమాన్యం గురించి మాట్లాడటం తగదు. బాధ్యత, సేవ గురించి మాట్లాడాలి.

మూడు : పేర్లు కోరేవారందరినీ నిర్వాహకుడు సమానంగా చూడాలి. దేశ డొమైన్ విషయంలో కనీసం పాలనా వ్యవహారాలు చూసే వ్యక్తి ఆ దేశంలో నివసించాలి.

నాలుగు : డొమైన్‌తో గట్టి సంబంధం ఉన్న పక్షాలు ‘ఈ నిర్వాహకుడు తగినవాడే’ అని అంగీకరించాలి. తగాదా వస్తే ఆ పక్షాలు తమలో తాము తేల్చుకోవాలి. నిర్వాహకుడు తీవ్రంగా తప్పు చేస్తే తప్ప ఐయానా సాధారణంగా జోక్యం చేసుకోదు. పక్షాల మధ్య ఒప్పందం కుదరకపోతే విచారించడానికి ఒక సమీక్షా మండలి ఉంటుంది, దాని నిర్ణయానికి అందరూ కట్టుబడాలి.

7.4 పత్రం బలం

ఈ పత్రానికి రెండు గొప్ప బలాలున్నాయి.

‘ఏది దేశం’ అన్న ప్రశ్నను పక్కన పెట్టడం మొదటిది. ఇంజనీర్లే ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం మొదలుపెట్టి ఉంటే తైవాన్, పాలస్తీనా వంటి చోట్ల ప్రతి నమోదూ ఒక రాజకీయ సంక్షోభం అయ్యేది. వేరే సంస్థ తయారుచేసిన జాబితాను ఆశ్రయించడం వల్ల పేర్ల వ్యవస్థ ఆ సుడిగుండంలో పడకుండా నిలిచింది. తనకు అధికారం లేని విషయంలో మౌనం పాటించడం కూడా వివేకమే.

ప్రశ్ననే మార్చడం రెండో బలం. ‘ఇది ఎవరి సొత్తు?’ అని అడిగితే కొనడం, అమ్మడం, స్వాధీనం చేసుకోవడం అనే మాటలు వెంట వస్తాయి. ‘ఇక్కడ ఎవరికి ఏ బాధ్యత ఉంది?’ అని అడిగితే సేవ, సమానత్వం, నిరంతరత అనే మాటలు వస్తాయి. ఈ మార్పు మాటల గారడీ కాదు. ఒక రైతు సహకార సంఘం, ఒక ఆస్పత్రి, ఒక పత్రిక తమ దేశపు గుర్తు కింద పేరు తీసుకున్నాయనుకోండి. పైన ఎవరు మారినా తమ పేరు రేపు కూడా పనిచేయడమే వారికి ముఖ్యం. పోస్టెల్ పత్రం ఈ పేరుదారుల వైపు నిలబడి మాట్లాడింది. ప్రభుత్వమైనా, సంస్థ అయినా ఆ పేర్లను ఆటంకం లేకుండా నడపడానికే అక్కడుందని గుర్తుచేసింది.

7.5 పత్రంలోని లోటు

లోటు కూడా ఆ రెండో బలం పక్కనే ఉంది. నిర్వాహకుణ్ణి పత్రం ధర్మకర్త అన్నది. తెలుగువారికి ఈ మాట బాగా పరిచయం. గుడి మాన్యానికి ధర్మకర్త ఉంటాడు. మాన్యం అతనిది కాదని ఊరందరికీ తెలుసు. అంతమాత్రాన సరిపోతుందా? పంట లెక్క ఎవరికి చూపాలి? లెక్క తప్పితే అతణ్ణి తప్పించేదెవరు? ఈ రెండూ తేలకపోతే ధర్మకర్త అనేది ఒక గౌరవపదంగా మిగిలిపోతుంది. పోస్టెల్ పత్రం ధర్మకర్త అనే పదవిని సృష్టించింది గాని, లెక్క అడిగేవారిని చూపలేదు.

చూపలేదు అనడం కన్నా, చూపిన మూడు చోట్లా గట్టి ఆధారం లేదనడం సరైనది. ‘దేశ ప్రజలు’ అన్నది గాని ప్రజల తరఫున ఎవరు మాట్లాడాలో చెప్పలేదు. ‘గట్టి సంబంధం ఉన్న పక్షాలు’ అన్నది గాని ఆ పక్షాలు ఏవో, వాటిలో ప్రభుత్వం స్థానం ఏమిటో చెప్పలేదు. సమీక్షా మండలి అన్నది గాని ఆ మండలి ఎన్నడూ పనిచేసే స్థితికి రాలేదు.

వీటి ఫలితం ఏమిటో గమనించండి. పక్షాల మధ్య అంగీకారం కుదిరేదాకా ఏమీ మారదు. అంటే తగాదా సాగినంత కాలం ప్రస్తుత నిర్వాహకుడిదే పైచేయి. అతను మంచివాడైతే దేశానికి మేలు. కాకపోతే ‘నేను యజమానిని కాను’ అంటూనే యజమానిలా ఉండిపోవచ్చు.

ఇలాంటి వ్యవస్థను పోస్టెల్ ఎందుకు సరిపోతుందనుకున్నాడు? 1994 నాటి ఇంటర్నెట్‌లో నిర్వాహకులు చాలామంది ఒకరికొకరు తెలిసినవారు. మాట మీద పని జరిగేది. చిన్న ఊరిలో రాతకోతలు లేకుండా సాగే అప్పు వంటిది అది. ఊరు పట్టణమయ్యాక ఆ పద్ధతి చాలదు. అందుచేత పత్రం లోటును రచయిత అలసత్వంగా చూడకూడదు. ఒక కాలానికి సరిపోయిన నమ్మకం మరో కాలానికి నియమంగా మిగిలిపోవడమే అసలు సమస్య.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
1. నిర్వాహకుణ్ణి ‘ధర్మకర్త’ అనడంలోని మేలు ఏమిటి? లోటు ఏమిటి?
2. తగాదా తేలనంత కాలం ఎవరికి పైచేయి? ఎందుకు?

ఇప్పుడు ఈ విమర్శను రెండు నిజ సంఘటనలతో పరీక్షిద్దాం. ఈ రెండింటిలో న్యాయం ఒకే వైపు కనిపించదు. అందుకే వీటిని జంటగా చదవాలి.

7.6 మొదటి పరీక్ష : దక్షిణాఫ్రికా

దక్షిణాఫ్రికా గుర్తు ‘.జెడ్‌ఎ’ను 1990లో అప్పగించారు. ఆ దేశంలో అందరికీ ఓటు హక్కుతో తొలి ఎన్నికలు జరిగింది 1994లో. అంటే ప్రజాస్వామ్య ప్రభుత్వం పుట్టక ముందే దేశపు గుర్తు ఒక నిర్వాహకుడి చేతిలో ఉంది. రోడ్స్ విశ్వవిద్యాలయంలో దేశపు తొలి ఇంటర్నెట్ అనుసంధానానికి కృషి చేసిన మైక్ లారీ ఆ నిర్వాహకుడు. కాలక్రమంలో అక్కడి ఇంటర్నెట్ సముదాయం ఈ బాధ్యత కోసం ‘నేమ్‌స్పేస్ జెడ్‌ఎ’ అనే లాభాపేక్ష లేని సంస్థను ఏర్పాటు చేసుకుంది.

2002లో ప్రభుత్వం ఎలక్ట్రానిక్ సమాచార, లావాదేవీల బిల్లు తెచ్చింది. దానిలో ఒక అధ్యాయం డొమైన్ పేర్ల కోసం కొత్త ప్రాధికార సంస్థను ప్రతిపాదించింది. డైరెక్టర్ల నియామకంలో మంత్రికి పెద్ద పాత్ర ఇచ్చింది. ఇది ప్రభుత్వ స్వాధీనమేనని లారీ, మరికొందరు వాదించారు. నిర్వహణ తెలియని చేతుల్లో పడితే దేశపు పేర్లన్నీ ఆగిపోవచ్చని హెచ్చరించారు. లారీ మరో అడుగు ముందుకు వేసి, ‘.జెడ్‌ఎ’ ప్రధాన జోన్ ఫైలును దేశం వెలుపలికి తరలించానని ప్రకటించాడు.

ఈ చర్యను ఎలా అంచనా వేయాలి? పోస్టెల్ పత్రాన్ని పట్టుకుని ఇరువైపులా వాదించవచ్చు. నిరంతర సేవ ధర్మకర్త విధి, దాన్ని కాపాడాడు అనవచ్చు. ధర్మకర్త దేశ ప్రజలకు బాధ్యుడు, ఆ ప్రజలు ఎన్నుకున్న శాసనసభకు అందకుండా ఫైలును దాచడం బాధ్యత ఎలా అవుతుంది అనీ అడగవచ్చు. రెండు ప్రశ్నలూ సబబైనవే. పత్రం వాటి మధ్య తీర్పు చెప్పలేదు. గుడి తాళాలు ఊరి మంచికే దాచానని ధర్మకర్త అన్నప్పుడు, ఆ మాట నిజమైనా సరే, అతణ్ణి అడిగే చోటు ఒకటి ఉండాలి కదా!

చివరికి వచ్చిన చట్టం (2002లోని 25వ చట్టం) గమనించదగినది. దాని ప్రకారం ప్రాధికార సంస్థకు తొమ్మిదిమంది డైరెక్టర్లుంటారు. వారి ఎంపికకు స్వతంత్ర ఎంపిక సంఘం ఉంటుంది. డొమైన్ సముదాయం, విద్యారంగం, కార్మికులు, వ్యాపారం, సంస్కృతి–భాష, ప్రభుత్వ రంగం, ఇంటర్నెట్ వాడకందారులు వంటి వర్గాలకు ప్రాతినిధ్యం ఉండాలి. దేశ పౌరులు, శాశ్వత నివాసులు ఎవరైనా ఆ సంస్థలో సభ్యత్వానికి అర్హులు. ‘గట్టి సంబంధం ఉన్న పక్షాలు’ అని పోస్టెల్ అస్పష్టంగా వదిలిన మాటకు ఇక్కడ ఒక జాబితా దొరికింది. అది పరిపూర్ణమని చెప్పలేం. నియామకంలో మంత్రి చేయి ఇంకా ఉంది. అయినా లెక్క అడిగే చోటు ఏర్పడింది.

7.7 రెండో పరీక్ష : నియూ

దక్షిణాఫ్రికాలో ప్రభుత్వం బలమైనది. ఇందుకు పూర్తి భిన్నమైన స్థితి నియూలో చూస్తాం. ఇది దక్షిణ పసిఫిక్ సముద్రంలో రెండువేల కన్నా తక్కువ జనాభా ఉన్న దీవి. 1974 నుంచి న్యూజిలాండ్‌తో స్వేచ్ఛా అనుబంధంలో స్వయంపాలన సాగిస్తోంది.

దీని గుర్తు ‘.ఎన్‌యు’ను 1997లో నియూ పేరుతో ఏర్పడిన ఒక ఇంటర్నెట్ వాడకందారుల సంఘానికి అప్పగించారు. దాని వెనుక నిర్వహణ, వ్యాపారం అమెరికా నుంచి సాగాయి. యాదృచ్ఛికంగా స్వీడిష్, డేనిష్, డచ్ భాషల్లో ‘ను’ అంటే ‘ఇప్పుడు’ అని అర్థం. అందువల్ల ఉత్తర ఐరోపాలో, ముఖ్యంగా స్వీడన్‌లో, ఈ పేర్లకు గిరాకీ పెరిగింది. దీవిలో వాడేవారు కొద్దిమంది. కొనేవారు భూగోళానికి అవతలి వైపున ఉన్నారు.

నియూ ప్రభుత్వం తనకు సరైన వాటా, మాట రెండూ దక్కలేదని వాదించింది. 2000లో చట్టం చేసి ‘.ఎన్‌యు’ జాతీయ వనరని ప్రకటించింది. మరోవైపు ఆ ఆదాయంతో దీవికి ఉచిత ఇంటర్నెట్ సేవ అందించామని నిర్వాహకులు చెప్పారు. 2003లో దీవిలో ఉచిత వైఫై మొదలైన మాట నిజమే. 2013లో డొమైన్ నిర్వహణ స్వీడన్ ఇంటర్నెట్ ఫౌండేషన్‌కు వెళ్లింది. 2018లో నియూ ప్రభుత్వం స్వీడన్ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. తన దేశపు గుర్తు గురించి ఒక దేశం వేరే దేశపు న్యాయస్థానానికి వెళ్లవలసి వచ్చింది. తన సొంత శాసనసభ చేసిన చట్టం ఆ గుర్తును కదిలించలేకపోయింది. పాలనా వ్యవహారాలు చూసే వ్యక్తి దేశంలో నివసించాలని పోస్టెల్ పత్రం కోరింది. సాంకేతిక నిర్వహణ, వ్యాపారం, డబ్బు ఎక్కడ ఉండాలో అది చెప్పలేదు. పైగా పక్షాలు అంగీకరించేదాకా మార్పు లేదన్న నియమం ఇక్కడ బలహీనుడికి గోడగా నిలిచింది. ఉచిత వైఫై మంచిదే. కాని దాతృత్వం వేరు, జవాబుదారీతనం వేరు. ధర్మకర్త అన్నదానం చేశాడని లెక్క చూపనక్కరలేదు అనలేం.

పక్కనే ఉన్న తువాలుతో పోలిస్తే తేడా మరింత స్పష్టమవుతుంది. టెలివిజన్‌ను గుర్తుచేసే ‘.టీవీ’ ఈ చిన్న దేశపు గుర్తు. 2000లో తువాలు ప్రభుత్వం ఒక అమెరికన్ సంస్థతో 12 ఏళ్లలో 5 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. ఆ డబ్బు ఆసరాతో అదే ఏడాది ఐక్యరాజ్యసమితిలో సభ్యత్వం తీసుకుంది. నిర్వహణ అక్కడ కూడా విదేశీ సంస్థదే. కాని ఒప్పందం చేసుకున్నది ప్రభుత్వం, కాబట్టి గడువు తీరినప్పుడు షరతులు మార్చమని అడగగలిగింది. సర్వర్లు ఏ దేశంలో ఉన్నాయన్నది ఇక్కడ అసలు తేడా కాదు. నిర్వాహకుణ్ణి ప్రశ్నించే వీలు దేశానికి ఉందా లేదా అన్నదే తేడా.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 3
1. దక్షిణాఫ్రికా, నియూ తగాదాల మధ్య రెండు తేడాలు రాయండి.
2. నియూ, తువాలు స్థితులు ఏ విషయంలో భిన్నమైనవి?

7.8 ప్రభుత్వాల సమాధానం, దాని పరిమితి

పోస్టెల్ వదిలిన ఖాళీని పూరించడానికి ప్రభుత్వాలు ముందుకు వచ్చాయి. ఐకాన్‌లోని ప్రభుత్వ సలహా సంఘం 2000లో కొన్ని సూత్రాలు ప్రకటించి, 2005లో సవరించింది. దేశ డొమైన్‌కు సంబంధించిన ప్రజా విధానంలో తుది అధికారం సంబంధిత ప్రభుత్వానిదే అన్నది వాటి సారం. 2005 నవంబరులో ట్యూనిస్‌లో జరిగిన ప్రపంచ సమాచార సమాజ శిఖరాగ్ర సభ కూడా ఒక దేశపు డొమైన్ నిర్ణయాల్లో మరో దేశం తలదూర్చరాదని చెప్పింది. నియూ వంటి దేశాలకు ఈ మాట అండ.

అయితే ఈ సమాధానం కూడా ఒక ఊహ మీద నిలబడింది. ప్రభుత్వం అంటే ప్రజలే అన్నది ఆ ఊహ. అది అన్నిచోట్లా నిజం కాదు. హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవులనే తీసుకోండి. బ్రిటన్ పాలనలోని ఈ ప్రాంతపు గుర్తు ‘.ఐఓ’. కంప్యూటర్ భాషలో ఈ రెండక్షరాలు ‘ఇన్‌పుట్–అవుట్‌పుట్’ను గుర్తుచేస్తాయి కాబట్టి సాఫ్ట్‌వేర్ సంస్థలు ఈ పేర్లను ఇష్టపడ్డాయి. కాని డియెగో గార్షియా సైనిక స్థావరం కోసం ఆ దీవుల ప్రజలను 1968–73 మధ్య అక్కడి నుంచి తరలించారు. అక్కడ బ్రిటన్ తన పాలనను ముగించాలని అంతర్జాతీయ న్యాయస్థానం 2019లో సలహా అభిప్రాయం ఇచ్చింది. ఇలాంటి చోట ‘సంబంధిత ప్రభుత్వం’ అంటే ఎవరు? దీవి గుర్తు ప్రపంచమంతా తిరుగుతుంటే దీవి మనుషులు దీవికి దూరంగా ఉన్నారు. పోస్టెల్ చెప్పిన ‘సముదాయం’ గాని, సలహా సంఘం చెప్పిన ‘ప్రభుత్వం’ గాని వారిని దానంతటదే లెక్కలోకి తీసుకోదు.

అంటే లెక్క చెప్పని ఇంజనీరు స్థానంలో లెక్క చెప్పని మంత్రిని కూర్చోబెడితే లోటు తీరదు. చేతులు మారతాయి, ఖాళీ అలాగే ఉంటుంది.

7.9 భారతదేశం, తెలుగు లిపి

మన దేశపు గుర్తు ‘.ఇన్’ను 1989లో అప్పగించారు. చాలాకాలం ముంబయిలోని జాతీయ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ కేంద్రం దీన్ని నిర్వహించింది. అప్పటి నిబంధనలు కఠినంగా ఉండటంతో పేర్ల సంఖ్య పరిమితంగా ఉండేది. 2005 జనవరిలో కొత్త విధానంతో ‘నిక్సి’ అనే లాభాపేక్ష లేని కంపెనీకి బాధ్యత వచ్చింది, నమోదు అందరికీ అందుబాటులోకి వచ్చింది. నిక్సి ప్రభుత్వ శాఖ కాదు. కాని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకత్వంలోనే నడుస్తుంది. మన దేశంలో పెద్ద తగాదా లేకుండా మార్పు జరిగింది. పేర్లు ఆగలేదు. అయితే సాధారణ వాడకందారుడికి అందులో ఎంత మాట ఉంది అన్న ప్రశ్న మిగిలే ఉంది.

ఈ ప్రశ్న తెలుగువారికి మరింత దగ్గరగా వచ్చే సందర్భం ఒకటుంది. ఇంగ్లీషు అక్షరాల గుర్తుతో పాటు భారతీయ లిపుల్లో కూడా దేశ డొమైన్‌కు 2011లో ఆమోదం లభించింది. ఆ ఏడు లిపుల్లో తెలుగు ఒకటి. ‘.భారత్’ అని మన లిపిలోనే చిరునామా ముగించవచ్చు. ఇక్కడ విధాన నిర్ణయం అంటే రుసుము ఒక్కటే కాదు. ‘గ’, ‘ల’ వంటి తెలుగు అక్షరాలకు కన్నడంలో దాదాపు అదే రూపం ఉంది. రెండు లిపుల్లో ఒకేలా కనిపించే పేర్లను ఇద్దరికి ఇస్తే మోసానికి దారి ఏర్పడుతుంది. ఏ అక్షరాల కూర్పును అనుమతించాలి, దేన్ని ఆపాలి అన్నది భాష తెలిసినవారు చెప్పవలసిన విషయం. ఆ భాష తెలిసినవారు రెండు తెలుగు రాష్ట్రాల్లోనే లేరు. కర్ణాటక, తమిళనాడులలో, విదేశాల్లో కూడా ఉన్నారు. ‘గట్టి సంబంధం ఉన్న పక్షాలు’ అన్న మాటలో మీరు, నేను కూడా ఉండవచ్చునని ఈ ఉదాహరణ గుర్తుచేస్తుంది.

7.10 అంచనా

పోస్టెల్ పత్రం మీద ఈ భాగం చేసే అంచనా ఇది : ఆయన వేసిన పునాదిని ఉంచుకోవాలి, వదిలిన గదిని కట్టాలి. దేశ డొమైన్ ఎవరి సొత్తూ కాదు, అది బాధ్యత అన్న భావం నేటికీ సరైనదే. ప్రభుత్వానికి కూడా ఇది వర్తిస్తుంది. కాని లెక్క అడిగే చోటు లేని బాధ్యత ఆచరణలో యాజమాన్యంగా మారుతుంది. నియూ అనుభవం ఇదే చెబుతుంది.

కాబట్టి ‘ప్రభుత్వమా, ప్రైవేటు సంస్థా, సముదాయమా?’ అనే ఒక్క ప్రశ్నతో ఆగకుండా, ఏ ఏర్పాటునైనా మూడు ప్రశ్నలతో పరీక్షించవచ్చు.

1. నిర్వాహకుడు ఎవరికి, ఎంత తరచుగా లెక్క చెబుతాడు?
2. అతణ్ణి మార్చే అధికారం దేశంలోని ఎవరికి, ఏ పద్ధతిలో ఉంది?
3. మార్పు జరిగినా పేరుదారుల పేర్లు ఆగకుండా పనిచేస్తాయా?

2002 చట్టం తరవాత దక్షిణాఫ్రికా మొదటి రెండు ప్రశ్నలకు కొంత జవాబు ఇచ్చింది. మూడో ప్రశ్నను లారీ లేవనెత్తడం కూడా ఆ జవాబుకు మేలే చేసింది. తువాలు రెండో ప్రశ్నకు ఒప్పందం ద్వారా జవాబు సంపాదించింది. నియూలో మూడోదానికి తప్ప మిగతా రెండింటికీ దేశం లోపల జవాబు దొరకలేదు. మన దేశం మూడోదానిలో గట్టిగా ఉంది. మొదటి దానిలో ఇంకా అడగవలసింది ఉంది.

ఈ అంచనాకు ఒక అభ్యంతరం రావచ్చు. నిర్వాహకుణ్ణి మార్చడం తేలికైతే ప్రతి ఎన్నిక తరవాతా డొమైన్ చేతులు మారదా? ఆ భయం నిజమైనదే. అందుకే మొదటి, రెండో ప్రశ్నలను మూడోదాని నుంచి విడదీయరాదు. మార్చగలగాలి, కాని ఒక్క మంత్రి సంతకంతో కాదు, పేర్లు ఆగిపోయేలా కాదు. పోస్టెల్ పత్రాన్ని అర్థం చేసుకోవడానికి ఐకాన్‌లోని దేశ డొమైన్ల సంఘం, ప్రభుత్వ సలహా సంఘం కలిసి 2014లో ఒక వ్యాఖ్యాన చట్రాన్ని పూర్తిచేశాయి. ఇరవై ఏళ్ల తరవాత ఏడెనిమిది పుటలకు వ్యాఖ్యానం రాయవలసి రావడమే ఆ పత్రం విలువకూ, లోటుకూ సాక్ష్యం.

7.11 సారాంశం

దేశ డొమైన్‌పై నియంత్రణలో మూల నమోదు, రిజిస్ట్రీ నిర్వహణ, విధానం, ఆదాయం అనే నాలుగు అంశాలున్నాయి. ఆర్‌ఎఫ్‌సి 1591 యాజమాన్యం స్థానంలో బాధ్యతను నిలిపింది. అది దాని బలం. ఆ బాధ్యతకు లెక్క అడిగేవారిని స్పష్టంగా చూపలేదు. అది దాని లోటు. దక్షిణాఫ్రికాలో ఈ లోటు వల్ల ప్రజాస్వామ్య ప్రభుత్వం, నిర్వాహకుడు ఎదురెదురుగా నిలిచారు. నియూలో చిన్న దేశం తన గుర్తు కోసం విదేశీ న్యాయస్థానానికి వెళ్లింది. తుది అధికారం ప్రభుత్వానికి ఇచ్చినంత మాత్రాన సమస్య తీరదని చాగోస్ ఉదాహరణ చూపుతుంది. జవాబుదారీతనం, మార్చగలిగే వీలు, సేవలో నిరంతరత అనే మూడు ప్రమాణాలు కలిసి ఉన్నప్పుడే ‘ధర్మకర్త’ అన్న మాటకు అర్థం ఉంటుంది.

7.12 పదకోశం

అప్పగింత : ఒక డొమైన్ నిర్వహణ బాధ్యతను మూల జాబితాలో ఒక సంస్థ లేదా వ్యక్తి పేరుతో నమోదు చేయడం.
ఐకాన్ : ఇంటర్నెట్ పేర్లు, సంఖ్యల కేటాయింపును ప్రపంచస్థాయిలో సమన్వయం చేసే లాభాపేక్ష లేని సంస్థ.
జోన్ ఫైలు : ఒక డొమైన్ కింద ఉన్న పేర్లు, వాటి సర్వర్ల వివరాలు గల ఫైలు.
ధర్మకర్త : ఇతరుల మేలు కోసం ఒక ఆస్తిని లేదా బాధ్యతను చూసే వ్యక్తి.
రిజిస్ట్రీ : ఒక డొమైన్ కింద నమోదైన పేర్ల పట్టికను నిర్వహించే సంస్థ.

7.13 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఆర్‌ఎఫ్‌సి 1591 బలాన్ని, లోటును విమర్శనాత్మకంగా పరిశీలించండి.
2. ‘దేశ డొమైన్‌పై తుది అధికారం ప్రభుత్వానిదే’ అన్న వాదాన్ని ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. మైక్ లారీ జోన్ ఫైలును తరలించడం సమర్థనీయమేనా? మీ అభిప్రాయం కారణాలతో రాయండి.
2. నియూ తగాదాలో ‘దాతృత్వం వేరు, జవాబుదారీతనం వేరు’ అన్న మాటను వివరించండి.
3. ‘.భారత్’ విధాన నిర్ణయాల్లో తెలుగు వాడకందారులకు ఎందుకు చోటు ఉండాలి?